విశాఖ చిహ్నం మార్చాలంటే: బొమ్మ కంటే ముందు తేలాల్సినవి

నగర చిహ్నం మార్చాలన్న మాట కౌన్సిల్‌లో వస్తే చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఏ బొమ్మ పెట్టాలి? సింహాచలం గోపురమా, డాల్ఫిన్స్ నోసా, ఉక్కు కర్మాగారమా, బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైనా? అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే చివర్లో. ఆ చిహ్నం ఏ సంస్థది, చట్టం దేన్ని ఒప్పుకోదు, అది అచ్చయ్యే అతి చిన్న చోటు ఏది, పాతదాన్ని ఎలా దించుతారు అన్నవి తేలకుండా బొమ్మ ఎంచుకుంటే, ఆమోదించిన చిహ్నం ఒకటి, ఊళ్లో కనిపించేది ఇంకొకటి అవుతుంది.

ముందు ఎవరిదన్న సంగతి. మన జిల్లాలకు సాధారణంగా సొంత చిహ్నం ఉండదు. జిల్లా యంత్రాంగం రాష్ట్ర ప్రభుత్వంలో భాగం కాబట్టి కలెక్టరేట్ రాష్ట్ర చిహ్నమే వాడుతుంది. అమెరికాలో కౌంటీ అలా కాదు. దానికి ఎన్నికైన బోర్డు, సొంత ముద్ర ఉంటాయి. విశాఖలో దానికి దగ్గరగా ఉండేది జీవీఎంసీ, అంటే మహా విశాఖపట్నం నగర పాలక సంస్థ. 1979లో నగర పాలక సంస్థ అయింది. 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకొని గ్రేటర్ అయింది. 2013లో భీమిలి, అనకాపల్లి కూడా కలిశాయి. 2021లో 98 వార్డులకు ఎన్నికలు జరిగాయి. ఈ కలయికలే చిహ్నం చర్చను బరువెక్కిస్తాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన భీమిలికి తన చరిత్ర తనకుంది. విశాఖ బీచ్ బొమ్మ ఒక్కటే వేసి ఇది మీది కూడా అంటే వాళ్లు ఎందుకు ఒప్పుకోవాలి?

ఇక చట్టం. నాలుగు సింహాల గుర్తు పెడితే హుందాగా ఉంటుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది కుదరదు. 2005 నాటి జాతీయ చిహ్న దుర్వినియోగ నిరోధక చట్టం, దాని కింద వచ్చిన 2007 నియమాల ప్రకారం, అధికారం ఇచ్చిన వారు తప్ప మున్సిపల్ కౌన్సిళ్లు, పంచాయతీరాజ్ సంస్థలు, విశ్వవిద్యాలయాలు జాతీయ చిహ్నాన్ని వాడకూడదు. ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రాష్ట్ర ప్రభుత్వమైనా తన చిహ్నంలో జాతీయ చిహ్నాన్ని కలుపుకోవాలంటే ముందుగా ఆ నమూనాకు కేంద్రం ఆమోదం తీసుకోవాలి. కాబట్టి డిజైనర్‌కు ఇచ్చే కాగితంలో మొదటి వాక్యమే ఇది కావాలి: సింహాలు, అశోక చక్రం, రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం వద్దు. మూడో దాని విషయంలో చట్టం కన్నా గందరగోళం పెద్ద సమస్య. పౌరుడి చేతికొచ్చిన నోటీసు రాష్ట్ర ప్రభుత్వానిదా, కార్పొరేషన్‌దా అన్నది చూపు పడగానే తెలియాలి.

మతపరమైన గుర్తుల విషయంలో లాస్ ఏంజెలెస్ కౌంటీ అనుభవం చదవదగ్గది. 1957 నాటి దాని ముద్రలో ఒక చిన్న శిలువ ఉండేది. 2004లో పౌర హక్కుల సంఘం ఏసీఎల్‌యూ దావా వేస్తామని హెచ్చరించడంతో బోర్డు 3–2 ఓట్లతో దాన్ని తీసేసింది. ఆ సందర్భంలోనే మధ్యలో ఉన్న రోమన్ దేవత పొమోనా స్థానంలో స్థానిక ఆదివాసీ మహిళ వచ్చింది. చమురు బావుల బొమ్మ పోయి శాన్ గాబ్రియేల్ మిషన్ భవనం వచ్చింది, దాని మీద శిలువ లేకుండా. 2014లో ఆ భవనం మీద శిలువ చేర్చాలని మళ్లీ 3–2తోనే నిర్ణయించారు. 2016లో ఫెడరల్ కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంత పెద్ద కౌంటీని ఇన్నేళ్లు లాగింది ముద్ర మొత్తంలో చూస్తే వేలి గోరంత గుర్తు. రెండుసార్లూ ఒక్క ఓటు తేడాతో నెగ్గడమే అసలు లోపమని నా అభిప్రాయం. చిహ్నం లాంటి దాన్ని బొటాబొటి మెజారిటీతో మారిస్తే తర్వాతి బోర్డు దాన్ని మళ్లీ తెరుస్తుంది.

మన రాజ్యాంగం అమెరికాది కాదు, ఆ తీర్పు ఇక్కడ వర్తించదు. ప్రశ్న మాత్రం ఇక్కడా ఉంది. పాత నగరంలో హార్బర్ పక్కన మూడు కొండలు ఉన్నాయి: రాస్ హిల్ మీద చర్చి, పక్కన దర్గా కొండ, వేంకటేశ్వరస్వామి కొండ. ఒక గుడి బొమ్మ పెడితే మిగతా రెండు ఎందుకు లేవని అడుగుతారు. మూడూ పెడితే ఎవరి గోపురం ఎత్తుగా ఉందో కొలుస్తారు. సింహాచలం మీద విశాఖ వాసులకున్న భక్తి ఎవరూ కాదనలేనిది. అయితే పన్ను రసీదు మీద, మురుగు కాలువ మూత మీద, చెత్త బండి తలుపు మీద దేవుడి గోపురం అచ్చు వేయడం ఆ భక్తికే ఇబ్బంది. కాలికింద పడే చోట, తడిసి చిరిగే కాగితం మీద ఉండబోయే గుర్తులో పవిత్రమైనది పెట్టకూడదన్న నియమం ఒక్కటి రాసుకుంటే సగం తగవు ఎవరి మనసూ నొప్పించకుండా తీరిపోతుంది.

రాజకీయ రంగులు ఇంకా సున్నితం. పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేయడాన్ని 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తప్పుబట్టింది, సుప్రీంకోర్టు కూడా ఆ ఆదేశాన్ని నిలబెట్టింది. గోడకు వర్తించింది చిహ్నానికి వర్తించదని ఎవరూ భరోసా ఇవ్వలేరు. పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, కాషాయం అన్నీ ఎవరో ఒకరివే కాబట్టి రంగు వాడకుండా ఉండలేం. ఏ పార్టీ జెండా కలయికా ఏర్పడకుండా చూసుకోవడమే మార్గం. రంగుల కన్నా తెలియకుండా దొర్లేది ఆకారం. ఓడరేవు నగరం కదా అని మూడు రెక్కల ప్రొపెల్లర్ వేస్తే చిన్న సైజులో అది అచ్చం సీలింగ్ ఫ్యాన్. ఉక్కు కరిగించే పాత్రను సరళం చేస్తే గ్లాసు. బీచ్ సైకిల్ ట్రాక్ గుర్తు సంగతి చెప్పనక్కర్లేదు. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే ఆఫీసు బోర్డుల మీద కాగితం అంటించాల్సిన పరిస్థితి రాకూడదు. ప్రతి నమూనానూ 10 మిల్లీమీటర్లకు కుదించి, నలుపులో ముద్రించి, ఊరికి కొత్తవాళ్లకు చూపించి ఇదేమిటని అడగాలి. ఎన్నికల గుర్తు పేరు చెప్పారంటే ఆ నమూనా పక్కన పెట్టేయాలి.

ఇప్పుడు బొమ్మ. వార్డుకొక కోరిక చొప్పున చేర్చుకుంటూ పోతే సబ్‌మెరైన్, ఉక్కు, క్రేను, తాబేలు, తొట్లకొండ స్తూపం, అరకు కాఫీ కొమ్మ అన్నీ ఒక వృత్తంలో ఇరుక్కుంటాయి. వీటిలో అన్నీ మనవి కావు కూడా. అరకు 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. సంస్థల ఆస్తులు వాడుకోవాలంటే వాటి అనుమతి ఒక తలనొప్పి. సరిహద్దులు, కర్మాగారాలు, ఓడలు మారతాయి. కొండ వరుస, సముద్రపు గీత మారవు. నా మటుకు నాకు డాల్ఫిన్స్ నోస్ వంపు, దాని మీద లైట్‌హౌస్, కింద ఒకటి రెండు అలలు సరిపోతాయనిపిస్తుంది. ఆ వంపు ఒక్క గీతలో గుర్తుపట్టేలా ఉంటుంది. బీచ్ మీద నిలబడినా, ఓడలో వస్తున్నా కనిపిస్తుంది. భీమిలి అభ్యంతరానికి కూడా దారి ఉంది. అలల గీతను ఒక చివర నుంచి ఇంకో చివరకు సాగదీస్తే ఆ తీరమంతా వాళ్లదీ అవుతుంది. అనకాపల్లి పట్టణానికి సముద్రం లేదు. శారదా నది, బెల్లం వాళ్ల గుర్తులు. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు, కౌన్సిల్ ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే.

అర్థం దట్టించిన చిహ్నం నిలబడదని కాదు. మన ఊళ్లోనే దానికి గొప్ప ఉదాహరణ ఆంధ్ర విశ్వకళాపరిషత్ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) చిహ్నం. కట్టమంచి రామలింగారెడ్డి సూచనలతో కౌతా రామమోహనశాస్త్రి గీశారు. ఉదయించే సూర్యుడు, పద్మం, స్వస్తిక, రెండు నాగులు, ఉపనిషత్ శాంతి మంత్రంలోని ‘తేజస్వి నావధీతమస్తు’. ఇన్ని ఉన్నా చెదిరిపోదు. అన్నీ ఒకే కేంద్రం చుట్టూ సమంగా అమరాయి, ఏది దేనికి గుర్తో రాసిపెట్టి ఉంది. ఆ రాతపూర్వక వివరణ నగర చిహ్నానికి కూడా ఉండాలి. లేకపోతే పదేళ్ల తర్వాత అలల సంఖ్యకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెబుతారు.

కొలతలు అసలైన పరీక్ష. 2018లో వచ్చిన రాష్ట్ర చిహ్నంలో మూడు వలయాల్లో 48, 118, 148 పూసలు ఉన్నాయి. అమరావతి శిల్పకళకు తగిన అలంకారమే. కానీ లెక్క వేయండి. చిహ్నం అడ్డుకొలత 15 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత దాదాపు 47. దాన్ని 148తో భాగిస్తే ఒక్కో పూసకు, పక్కన ఖాళీతో కలిపి, 0.3 మిల్లీమీటర్లు మాత్రమే. రబ్బరు స్టాంపులో 0.3 కన్నా సన్నని సందు సిరాతో పూడుకుపోతుంది, పూసలన్నీ కలిసి ఒక మందపాటి గీత అవుతాయి. అందుకే ప్రతి చిహ్నానికి కనీసం మూడు రూపాలు గీయించాలి: 60 మిల్లీమీటర్ల పైన వాడే పూర్తి రూపం, 20 నుంచి 60 వరకు వాడే మధ్య రూపం, 20 లోపు అక్షరాలు లేని చిన్న రూపం. పెద్దదాన్ని కుదిస్తే చిన్నది రాదు, విడిగా గీయాల్సిందే. వీటితో పాటు ఒకే రంగులో ఒకటి, నల్ల నేల మీద తెల్ల గీతల్లో ఒకటి.

తెలుగు అక్షరాలను వలయంలో పేర్చడం డిజైనర్లు ఎక్కువగా తప్పే చోటు. ‘మహా విశాఖపట్నం నగర పాలక సంస్థ’ అని పై అర్ధవృత్తంలో రాయాలనుకుందాం. అక్షరాలు 15, మధ్య ఖాళీలు 4. ఖాళీని అర అక్షరంగా లెక్కిస్తే మొత్తం 17 పాళ్లు. 100 మిల్లీమీటర్ల చిహ్నంలో అక్షరాల వరుస కేంద్రం నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే అర్ధవృత్తం పొడవు సుమారు 126. ఒక్కో అక్షరానికి 7.4 మిల్లీమీటర్లు, హాయిగా సరిపోతుంది. అదే చిహ్నం 20 మిల్లీమీటర్లకు తగ్గితే అక్షరానికి ఒకటిన్నర మిల్లీమీటరు. ‘ట్నం’లో నకారపు వత్తు, ‘స్థ’లో థకారపు వత్తు ఆ సైజులో సిరా చుక్కలైపోతాయి.

ఇంకో చిక్కు. పై వంపులో రాసినప్పుడు వత్తులు కేంద్రం వైపు దిగుతాయి, అక్కడ చోటు తక్కువ, పక్క అక్షరాల పాదాలకు తగులుతాయి. కింది వంపులో అక్షరాలు నిటారుగా పేరిస్తే వత్తులు బయటి వైపుకు వస్తాయి, అక్కడ చోటు ఎక్కువ. కాబట్టి ‘విశాఖపట్నం’ కింది వంపులో, మిగతా మాటలు పైన ఉంచితే మేలు. కింద గుడులు, తలకట్లు లోపలి వైపు దగ్గర పడతాయి, వాటి మధ్య దూరాన్ని చేత్తో సర్దాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేయదు. ఆఖరి ఫైలులో అక్షరాలను గీతలుగా మార్చి ఇవ్వమని ఒప్పందంలోనే రాయాలి. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఊరి పేరు అర్థంలేని గుర్తులుగా మారుతుంది, ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు అర్జెంటుగా తమకు తోచిన ఫాంటుతో మళ్లీ కొడతారు. ఒకే ఊళ్లో నాలుగు రకాల చిహ్నాలు పుట్టేది ఇలాగే.

రంగుల్లో సముద్రపు నీలం మీద అందరికీ మోజు. తెర మీద మెరిసే ఆ నీలం ఆఫ్‌సెట్ ముద్రణలో రాదు. సయాన్ (లేత నీలం) సిరా 100 శాతం, మెజెంటా (గులాబీ ఎరుపు) సిరా 90 శాతం పెడితే కాగితం మీద ఊదారంగు కనిపిస్తుంది. రెండింటి మధ్య కనీసం 30 తేడా ఉంచాలి, లేదా ప్యాంటోన్ రంగుల జాబితాలోని సంఖ్య చెప్పి ప్రత్యేక సిరా వాడాలి. బయటి బోర్డుల్లో మన ఎండకు మామూలు వినైల్ ప్రింట్‌లో ముందుగా వెలిసేవి పసుపు, మెజెంటా. ఆకుపచ్చలో పసుపు పోయి నీలం మిగులుతుంది, ఎరుపు గులాబీ అవుతుంది. చెత్త బండ్ల వంపు తలుపులకు వంపులకు అతుక్కునే కాస్ట్ వినైల్ వాడకపోతే అంచులు లేచిపోతాయి. బీచ్ రోడ్డులో ఇనుప ఫ్రేములకు ఉప్పుగాలి తుప్పు పట్టిస్తుంది, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా గోధుమ మచ్చలు వస్తాయి. సముద్రం ఎదురుగా ఉన్న చోట 316 రకం అడగాలి. ధర ఎక్కువైనా ఏడాది తిరగకుండా చిహ్నం మీద తుప్పు కారడం కన్నా నయం.

పోటీ పెట్టి నమూనాలు పిలిస్తే మంచిదే, హక్కుల సంగతి ముందే రాసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ ఆదేశంతో, దాని పర్యవేక్షణలో తయారైన పనికి, వేరే ఒప్పందం లేకుంటే, ఆ సంస్థే తొలి యజమాని. పోటీకి ఎవరో సొంతంగా గీసి పంపింది ఆ కోవలోకి వస్తుందని అనుకోకూడదు. రాతపూర్వక బదిలీ పత్రం కావాలి, దాని మీద సంతకం ఉండాలి. 19వ సెక్షన్‌లో ఒక గుంత ఉంది. కాలపరిమితి రాయకపోతే బదిలీ అయిదేళ్లకే పరిమితం, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. ‘పూర్తి కాపీరైట్ కాలానికి, ప్రపంచమంతటా’ అన్న మాటలు ఉండి తీరాలి. బదిలీ చేసినా 57వ సెక్షన్ కింద తన పనిని వికృతం చేయకుండా ఆపే హక్కు కళాకారుడికి ఉంటుంది. చిన్న రూపం, ఒకే రంగు రూపం కూడా ఆయనతోనే గీయించుకుంటే ఆ పేచీ రాదు. నెట్‌లోంచి దించిన బొమ్మలు, ఏఐ చేత చేయించినవి రాకుండా చేతి చిత్తు గీతలు కూడా జతచేయమనాలి. పోటీదారుల పేర్లు న్యాయనిర్ణేతలకు తెలియకూడదు. ఫేస్‌బుక్ ఓట్లతో విజేతను తేల్చకూడదు, అక్కడ గెలిచేది ఎక్కువ స్నేహితులున్నవాళ్లు.

కౌన్సిల్‌లో ఈ అంశాన్ని టేబుల్ అజెండాగా అప్పటికప్పుడు పెట్టడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. మూల అజెండాలోనే నమూనాలను రంగులో ఒకసారి, నలుపులో 15 మిల్లీమీటర్ల సైజులో ఒకసారి అచ్చువేసి కార్పొరేటర్లకు ముందుగా పంపాలి. తెలంగాణలో 2014 నాటి చిహ్నాన్ని మార్చాలన్న ప్రయత్నం 2024లో ఆవిర్భావ దినోత్సవానికి ముందు ఆగిపోయింది. చార్మినార్‌ను, కాకతీయ తోరణాన్ని తీసేస్తారా అన్న ప్రశ్న మీద నిరసనలు వచ్చి విడుదల వాయిదా పడింది. కొత్తగా వచ్చే బొమ్మ కన్నా పోయే బొమ్మ మీదే జనానికి పట్టింపు. కాబట్టి అజెండా నోట్‌లో ‘తొలగిస్తున్నవి, కారణం’ అని ఒక భాగం విడిగా ఉండాలి. మూడింట రెండొంతుల మద్దతు లేకుండా ముందుకు పోకూడదని కౌన్సిల్ తనకు తాను కట్టడి పెట్టుకుంటే ఇంకా మంచిది.

తీర్మానంలో ‘కొత్త లోగోను ఆమోదించడమైనది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే రేపు ఏ ఫైలు అసలుదో చెప్పేవాళ్లుండరు. కొలతలతో కూడిన చిత్రం, రంగుల సంఖ్యలు, అన్ని రూపాలు అనుబంధంగా చేర్చి, ప్రతి పేజీ మీద సంతకాలు చేయించాలి. అమలు తేదీ, పాత స్టేషనరీ అయిపోయేదాకా వాడుకోవచ్చన్న అనుమతి, పాత చిహ్నంతో ఇచ్చిన పత్రాలన్నీ చెల్లుతాయన్న వాక్యం కూడా అందులోనే ఉండాలి. ఈ చివరి వాక్యం లేకపోతే పాత ప్లాన్ అప్రూవల్ పట్టుకెళ్లిన మనిషిని ఏ బ్యాంకో వెనక్కి పంపుతుంది. ఆ తిప్పలు పడేది ఈ చర్చలో ఎక్కడా లేని సామాన్యుడు.

మార్పు వెబ్‌సైట్‌తో మొదలుపెట్టడం అందరూ చేసే పని. ఆన్‌లైన్ రసీదుల నమూనాలు రాష్ట్ర పురపాలక శాఖ వ్యవస్థలో ఉన్నచోట అక్కడికి ముందే లేఖ వెళ్లాలి, లేకపోతే బోర్డు మీద కొత్తది, రసీదు మీద పాతది నెలల తరబడి నడుస్తాయి. వాహనాలు ఎప్పుడు పెయింటింగ్‌కు వెళ్తే అప్పుడు మార్చాలి. వార్డు కార్యాలయాల బోర్డులు పాడైనప్పుడు మార్చాలి. పోత ఇనుప మూతలను చిహ్నం కోసం మార్చనే కూడదు, కొత్తగా పోసేవాటికి కొత్త అచ్చు చాలు. శంకుస్థాపన ఫలకాల మీది పాత చిహ్నాలను చెక్కేయకూడదు, అవి ఆ తేదీకి చెందిన సాక్ష్యాలు.

అందరూ మరిచిపోయేది సంస్థ అధికార ముద్ర. చట్టబద్ధ సంస్థగా కార్పొరేషన్‌కు ఒక ఉమ్మడి ముద్ర ఉంటుంది, ఒప్పందాల మీద పడేది అదే. లోగో మార్చినంత మాత్రాన అది మారినట్టు కాదు, దానికి తీర్మానంలో విడిగా పేరా ఉండాలి. కొత్త ముద్ర చేతికొచ్చిన రోజే పాతదాన్ని అడ్డంగా గీత పెట్టి చెల్లకుండా చేసి, ఆఖరిసారి వేసిన అచ్చును రిజిస్టర్‌లో అంటించి, కమిషనర్ సంతకంతో రికార్డు గదికి పంపాలి. జోనల్ కార్యాలయాల్లోని రబ్బరు స్టాంపులను కూడా లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. బయట మిగిలిన ఒక్క పాత స్టాంపు చాలు, వెనకటి తేదీ వేసి దొంగ అనుమతులు పుట్టించడానికి.